రేగడి ముద్దతో టైర్ల దుకాణానికి

మా చిన్న తమ్ముడు పోయాడని చుట్టాలందరికీ ఫోన్లు చేసింది నేనే. ఇంటికి పెద్దదాన్ని కాబట్టి ఆ పని నాకు వచ్చింది. ఇంకా తెలియనివాళ్లు ఉంటే ఇది చదివి తెలుసుకుంటారు. పత్తి తీతలు సగంలో ఉండగా, ఒక ఉదయం, నిద్రలోనే వెళ్లిపోయాడు.

వాడిని తలుచుకున్నప్పుడల్లా వానలు కాస్త తెరిపిచ్చిన ఒక పొద్దున గుర్తొస్తుంది. ముందురోజే ధర్మపురి నుంచి వాడింటికి వచ్చాను. వాడి భార్య, మా మరదలు, జావ కాచి ఇచ్చింది. వాడు సగం తాగి గ్లాసు కింద పెట్టి, మెల్లగా ఇంటి వెనక చేనుగట్టు దాకా నడిచాడు. తిరిగొచ్చేటప్పుడు చేతిలో తడి రేగడి ముద్ద ఉంది. దాన్ని తడిపిన గోనెగుడ్డలో చుట్టాడు.

"ఏందిరా తమ్మీ అది?" అన్నాను.

"టైర్లకక్కా" అన్నాడు, ఆవుకు గడ్డి అన్నంత మామూలుగా.

వాడికి పికప్ బండి ఉండేది. గుట్టల మీది గూడేల నుంచి పత్తి ఎత్తి ఆదిలాబాద్ జిన్నింగు మిల్లుకు తోలేవాడు. వాన పడితే ఆ దారుల్లో చక్రం తిరుగుతుంది గానీ బండి కదలదు. గూడెంలో ఎవరికి పురిటినొప్పులొచ్చినా ముందు ఫోన్ వాడికే. ఎక్కేముందు టైరును తాకి చేయి కళ్లకద్దుకునేవాడు. నన్ను ఎక్కడ దించినా, నేను గడప దాటేదాకా బండి కదిలించేవాడు కాదు.

ఆ యేడు టైర్లు నున్నగా అరిగిపోయాయి. ఈసారి లావు గట్లు తేలినవి, బురదకూ రోడ్డుకూ పనికొచ్చేవి వేయించాలని వాడి పట్టుదల.

కానీ అప్పటికే డాక్టరు మా పెద్ద తమ్ముడిని పక్కకు పిలిచి చెప్పాడు. లివర్ పూర్తిగా పోయిందనీ, ఇంక ఇంటి దగ్గరే చూసుకోవాలనీ. ఆ మాట పెద్ద తమ్ముడికీ, మరదలికీ, నాకూ తెలుసు. వాడికి చెప్పలేదు. కామెర్లనీ, పథ్యం చేస్తే తగ్గుతుందనీ అంటూ వచ్చాం. మా ఇంట్లో అలాంటి మాట మనిషి ముఖం మీద అనరు.

పెద్ద తమ్ముడు బండి నడిపాడు. అతనికి కిరాణా కొట్టు ఉంది, నడపడం వచ్చు గానీ తారు రోడ్డు దిగితే భయం. ముందు సీటులో ముగ్గురం సర్దుకుని ఆదిలాబాద్‌లో టైర్ల దుకాణానికి పోయాం.

గోనెగుడ్డ చూడగానే మరాఠీ దుకాణదారు నుదురు కొట్టుకున్నాడు. "అరే భావూ, నీ చేను సగం నా దుకాణంలనే ఉన్నది. వచ్చే యేడు ఈడనే పత్తి పెడ్త" అన్నాడు.

తమ్ముడు నవ్వి, స్టూలు మీద కూర్చునే పని మొదలుపెట్టాడు. ప్రతి టైరు గట్ల మధ్య సందులో బొటనవేలితో మట్టి కూరడం, టైరును నేల మీద ఒకసారి దొర్లించమనడం, పిడికిలితో కొట్టి చూడడం. కొన్ని మట్టిని అలాగే పట్టుకున్నాయి. ఒకదాంట్లోంచి ముద్ద ముద్దే రాలిపడింది. "పట్టుడు అన్నీ పడ్తయక్కా, ఇడుసుడు రావాలె" అన్నాడు. ఏ టైరు గురించైనా వాడు చెప్పే మాట అదే.

మట్టి వదిలిన ఆ రకం వాడి బండి సైజులో లేదు, నాగపూర్ నుంచి తెప్పించాలి, తెప్పించాక వాపసు తీసుకోనన్నాడు దుకాణదారు. రోడ్డు టైర్లయితే అప్పటికప్పుడే వేస్తానన్నాడు. బురద టైర్లు వేస్తే మాత్రం అయిదేండ్లు ఫికరే ఉండదట.

"అయిదేండ్లంటే బిడ్డ డిగ్రీ అయిపోతదక్కా" అన్నాడు తమ్ముడు నాతో.

నేను లోపల స్వామి నామం అనుకుంటూ నిలబడ్డాను. పెద్ద తమ్ముడు గాలి మిషను వైపు తిరిగి, సాయంత్రం ఫోన్ చేస్తామని చెప్పాడు.

సాయంత్రం వాడు లోపల పడుకుని ఉంటే, మేము ముగ్గురం వాకిట్లో గొంతు తగ్గించి మాట్లాడుకున్నాం. రేపటి నుంచి బండి నడపాల్సింది పెద్ద తమ్ముడే. అతను గూడేల దారి తొక్కలేడు. రోడ్డు మీదే తిరిగే బండికి ఆ లావు టైర్లు దండగ, డీజిల్ కూడా ఎక్కువ తాగుతాయి. కానీ రోడ్డు టైర్లు తెస్తే వాడికి సంగతి చెప్పినట్టే. "ఆయన మెచ్చినవే తేండ్రి బావా" అని మరదలు మళ్లీ మళ్లీ అంది. నువ్వు చెప్పక్కా అన్నట్టు ఇద్దరూ నా వైపు చూశారు. నేనే ధర్మపురిలో నరసింహస్వామి ముందు నిలబడి కూడా ఏమడగాలో తెలియక, వాడికి రాత్రిళ్లు కాస్త నిద్ర ఇమ్మని మాత్రమే అడిగి వచ్చినదాన్ని.

అప్పుడు లోపలి నుంచి వాడి గొంతు వచ్చింది.

"అన్నా, రోడ్డు టైర్లే ఎయ్యి. నువ్వు బురదల దిగకు."

ముగ్గురం లేచి లోపలికి వెళ్లాం. మరి గూడేల పత్తి ఎట్లా అంది మరదలు.

"ఎడ్లబండ్ల మీద రోడ్డు దాక వాళ్లే తెస్తరు. పోయిన నెలనే మాట్లాడిపెట్టిన."

పోయిన నెలంటే డాక్టరు మాకు చెప్పక ముందు. మరి ఆ పొద్దున మట్టి ఎందుకు పట్టుకొచ్చావని మాలో ఎవరమూ అడగలేదు.

ఆ సాయంత్రం మా ఇంట్లో తేలింది ఇంతే. బండి అమ్మకూడదు. పెద్ద తమ్ముడు పొద్దున్నే ఒక్కడే పోయి రోడ్డు టైర్లు వేయించుకు రావాలి. పత్తి రోడ్డు మీదే ఎక్కించుకోవాలి. అన్నీ వాడే చెప్పాడు, మేము సరేనన్నాం. పాత టైర్లలో స్టెప్నీకి ఏది ఉంచుకోవాలో కూడా వాడు పడుకునే చెబుతుంటే, పెద్ద తమ్ముడు మంచం పక్కన నేల మీద కూర్చుని ప్రతి మాటకూ తలూపాడు.