సాంచాలు ఆపిన కనకయ్య మామ

పొద్దున్నే చౌరస్తాలో టపాకాయలు కాల్చారు. ఆ మందు వాసన ఇంట్లోకొచ్చి నా చాయ్‌ని కూడా వదల్లేదు. టీవీలో ఎవడో గొంతు చించుకుంటున్నాడు, మన విమానాలు సరిహద్దు దాటి బాంబులు వేసి వచ్చాయట. మళ్లీ మొదలు! వినే ఓపిక లేదు నాకు. ఇలాంటి పొద్దుల్లోనే కనకయ్య మామ గుర్తొస్తాడు. రాకపోతే బాగుండునని కూడా అనిపిస్తుంది.

మామ అంటే చుట్టం కాదు. కరీంనగర్ దగ్గరి మా చిన్న ఊళ్లో, మరమగ్గాల షెడ్డులో నాకు పని నేర్పినవాడు. మరమగ్గాన్ని మేము సాంచా అంటాం. తెగిన పోగు ముడివేయడం దగ్గర్నుంచి షెడ్డు యజమాని సేటుతో మాట్లాడడం దాకా అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. బక్క మనిషి, నోరు మాత్రం పెద్దది. "బట్టల తప్పువడితె దాస్తవేందిరా? నేసింది నువ్వే, సూపెట్టాల్సింది గూడ నువ్వే" అని అందరి ముందూ గడ్డి పెట్టేవాడు.

మా వాడలో ఒక ఆచారం ఉంది. ఎవరింట్లో చావు జరిగినా శవం లేచేదాకా సాంచాలు నడపరు. పోయినవాడితో మాటల్లేకపోయినా సరే. నేను షెడ్డులో పనిచేసే రోజుల్లోనూ ఇట్లాగే యుద్ధమొచ్చింది. మన బాంబులు పడి అవతలి ఊళ్లో పిల్లలు పోయారని పేపర్లో ఓ మూలన రాశారు. బయట మిఠాయిలు పంచుతున్నారు. మామ ఆ పేపరు మడిచి జేబులో పెట్టుకుని తను నడిపే నాలుగు సాంచాలూ ఆపేశాడు. సేటు ఉరికొచ్చాడు.

"ఎవలు సచ్చిండ్రు కనకయ్యా?"

"పిల్లలు, సేటు. మన పేరు జెప్పే సంపిన్రు."

"వాళ్లేమన్న మనోళ్లా? వాళ్లు మనకు తక్కువ జేసిండ్రా?"

"వాళ్ల సర్కారును వాళ్లడగాలె. మన సర్కారును మనమడగకుంటె ఎవలడుగుతరు? ఓటేసింది నేనే గద!"

"గంత బాధయితే రేపటి సంది పనికి రాకు!"

మామ నా వైపు తిరిగి "నువ్వు గూడ బంద్ చెయ్‌రా" అన్నాడు. ఒక్కడు ఆపితే పిచ్చోడంటారు, ఇద్దరు ఆపితే ఎందుకని అడుగుతారు. అది నాకూ తెలుసు. కానీ ఇంట్లో నాన్నకు, అదే మా బాపుకు, దమ్ము జబ్బు; నా కూలి మీదే పొయ్యి వెలగాలి. తెగని పోగును తెగినట్టు నటిస్తూ సాంచా మీదికి వంగాను. ఎంత సిగ్గుమాలిన పని! మామ చొక్కా భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా ఊళ్లో ఏ సేటూ ఆయనకు పని ఇవ్వలేదు.

ఏడాది తర్వాత జమ్మికుంట పత్తి మార్కెట్‌లో కనిపించాడు. ఆ వయసులో హమాలీ పని. వీపు మీది బస్తా దించి, ముందు "బాపుకు జర మంచిగున్నదా?" అని అడిగాడు. నా కళ్లు నిండాయి.

"సాంచాల చప్పుడుల ఆ రోజు నీ మాట వినపడలే మామా" అన్నాను.

ఆయన దించిన బస్తా మీద కూర్చున్నాడు. "భయమైంది అను, ఒప్పుకుంట. నాకూ అయింది. వినపడలే అని మాత్రం అనకు బిడ్డా. అందరు గదే అంటుండ్రు, గందుకే సర్కారుకు ఫికర్ లేదు."

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే కొంచెం తేలికయ్యేది నాకు. మామ పోయి చాలా ఏళ్లయింది.

ఇందాక పక్కింటాయన మిఠాయి డబ్బాతో వచ్చాడు. "వద్దన్నా. అవతల ఎవలు సచ్చిండ్రో మన సర్కారును అడగకుంట నేను తినలేను" అన్నాను. ఆయన ముఖం మాడ్చుకుని వెళ్లిపోయాడు, రేపటి నుంచి పలకరించడేమో. ఇంత చిన్న మాట అనడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.