కొత్త డైనమో, పాత వైరు

మరిపెడలో బండి లైట్లు మినుకుమంటే ఎవరైనా మెకానిక్ పోశాలు దగ్గరికే పోతారు. ఆయన చెయ్యి పడితే చచ్చిన బండి కూడా లేస్తుందని పేరు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం. పేరు ముదిరితే పొగరవుతుంది కదా, అదే అయింది.

తండా నుంచి వచ్చే ప్రేమ్‌సింగ్ తన జీపుకు డీజే బాక్సులు పెట్టించాడు. వాటికి పాత డైనమో ఇచ్చే కరెంటు చాలక, ఊరేగింపు నడిమధ్యలో పాట ఆగిపోయేది. కొడుకు పెళ్లి బరాత్‌లోనైనా పరువు దక్కించమని పోశాలును బతిమాలుకున్నాడు. పోశాలు పెద్ద డైనమో బిగించాడు. పెద్దది పెడితే, దాని నుంచి బ్యాటరీకి పోయే వైరు కూడా లావుది వెయ్యాలి, లేకుంటే మాడిపోతుంది. ఆయనకా సంగతి తెలియదా? తెలుసు. కానీ లావు వైరు కోసం మహబూబాబాద్ పోవాలి. "ఆఁ, ఏం గాదు తియ్" అని పాతదాన్నే తగిలించాడు.

పెళ్లిలో ప్రేమ్‌సింగ్ చుట్టాలందరినీ పిలిచి, "గీ అన్న లేకుంటే గియ్యాల పాటే లేదు" అంటూ ఆయనకు శాలువా కప్పాడు. పోశాలు ఉబ్బిపోయాడు.

బరాత్ మలుపు తిరగ్గానే జీపు బానెట్ కింద పొగ లేచింది. పాట ఆగింది. "చప్పుడు లేని బరాతేంది?" అని పిల్ల తరఫువాళ్లు గొణిగారు. పోశాలు ఇంజను ఆపించి చూశాడు. డైనమో వైరు మాడిపోయింది. అందరి కళ్లూ తన మీదే. నోరు జారింది.

"బ్యాటరీ ఖరాబున్నది! గిసొంటి బ్యాటరీ పెట్టుకుంటే నేనేం జెయ్యాలె?"

ప్రేమ్‌సింగ్ వియ్యంకుడికి చేతులు జోడించాడు. "తప్పు నాదే బావా. అన్నను ఏమనకుండ్రి."

ఛీ, ఏం బతుకు! ఒంటి మీది శాలువా ముళ్లకంపలా గుచ్చుకుంది పోశాలుకు. దాన్ని జీపు సీటు మీద పడేసి, అన్నమైనా తినకుండా జారుకున్నాడు. ఇంట్లో "పెళ్లి మంచిగైందా?" అని భార్య అడిగితే మొహం తిప్పుకున్నాడు.

తెల్లారి ప్రేమ్‌సింగ్ దుకాణానికొచ్చి శాలువా చాచాడు. "మర్చిపోయినవన్న."

పోశాలు అందుకోలేదు. సిగ్గుతో తల లేవలేదు. "బ్యాటరీ మంచిగనే ఉన్నది ప్రేమ్‌సింగ్. వైరు నేనే మార్చలే. అబద్ధమాడిన."

"ఎరుకే అన్న. కాలిన వైరు నేను గూడ చూసిన."

"మరి అందరి ముందట నీ మీదెందుకేస్కున్నవ్?"

"శాలువా కప్పిన చేతుల్తోనే ఎట్ల గుంజుకోవాలె?"

పోశాలు దుకాణం షట్టర్ కిందికి లాగాడు.

"పద, మీ వియ్యంకుని ఇంటికి పోదాం. గీ మాట ఆడ జెప్పాలె."