తొవ్వ తెలియనివాళ్లే ముందు

మా కోడలు కొత్త బూట్లు కొనుక్కొచ్చింది, నడవడానికట. సూర్యాపేటలో మా ఇంటి దగ్గరి కాలేజీ మైదానంలో తెల్లవారగానే ముగ్గురు స్నేహితురాళ్లతో కలిసి పది చుట్లు తిరుగుతుంది. బయలుదేరిన చోటికే వచ్చి ఆగుతుంది. ఎక్కడికీ పోకుండా అంత దూరం ఎట్లా నడుస్తారో నాకు చాలాకాలం అంతుబట్టలేదు. మొన్న ఆమే వచ్చి నా పక్కన కూర్చుంది. తనది కోదాడ, మాట కొంచెం ఆంధ్ర వైపు మొగ్గుతుంది. "అత్తమ్మా, మోతె దగ్గర మీ ఊరి నుంచి గుట్టకి నడిచి వెళ్లేవాళ్లంట కదా. ఫోన్లో చూస్తే అసలు దారే లేదు. మీరొక్కసారి చూపిస్తే ఇక ఏటా మేం నడుస్తాం" అంది. ఆ తొవ్వ ఎరిగినవాళ్లలో ఇంకా ఎవరున్నారా అని ఒక్కొక్కరినే తలుచుకుంటూ పోయాను. చివరికి నేనొక్కదాన్నే తేలాను.

ఆ తొవ్వ మా పెద్దమ్మది. దసరా పోయి సీతాఫలాలు కన్ను విచ్చే రోజుల్లో ఎనిమిది మంది ఆడవాళ్లు గంపలు నెత్తిన పెట్టుకుని, జొన్న చేల మధ్య నుంచి ఆ కాయల కోసం గుట్టకు పోయేవాళ్లు. సద్దిమూటలో జొన్నరొట్టె, పండుమిరపకాయ తొక్కు. రొట్టె వాసన పట్టి ఊరి కుక్క ఒకటి సగం దూరం వచ్చి, లాభం లేదనుకుని వెనక్కి పోయేది. పెద్దమ్మకు ఒక పద్ధతి ఉండేది, అది నేను ఇంకెక్కడా చూడలేదు. తొవ్వ తెలిసినవాళ్లు వెనక నడవాలి, తెలియనివాళ్లు ముందు నడవాలి. ముందువాళ్లు తప్పినా వెనకవాళ్లు నోరు విప్పకూడదు. ఆనవాలు మాత్రం ఊరి పొలిమేరలోనే చెప్పేసేది. గుట్ట మీద రెండు బండగుండ్లున్నాయి. పెద్ద గుండు వెనక చిన్న గుండు దాగి ఉన్నంతసేపు తొవ్వ సరైనట్టు. చిన్నది ఎడమకు తొంగిచూసిందంటే మనం ఎడమకు తప్పినట్టు.

నా పదకొండో ఏట నన్ను ముందు నిలబెట్టారు. చూపు తిప్పితే ఎక్కడ తప్పుతానోనని తల పైకెత్తి గుండ్లనే చూస్తూ నడిచాను. కాళ్ల ముందు ఏముందో చూసుకోలేదు. నేరుగా రేగుకంపలోకి తీసుకుపోయాను. వింతేమిటంటే అంతమందీ నా వెనకే కంపలోకి దిగారు, ఒక్కరూ ఆగలేదు. కొంగులు చిరిగాయి. మా చిన్నమ్మ గంపతో సహా చిక్కుకుంది. నేను ఏడుపు ముఖంతో వెనక్కి తిరిగి, ఎందుకు చెప్పలేదని అడిగాను. పెద్దమ్మ మోచేతిలో ముల్లు తీసుకుంటూ, "చెప్తే అది నా తొవ్వనే ఉంటది బిడ్డా. గిప్పుడు గిది నీది" అంది. చిన్నమ్మ కంపలో నుంచే, "జర నా చీర చింపకుండ ఇయ్యరాదా ఆ తొవ్వేదో" అని సణిగింది.

పోయిన ఆదివారం కోడలు, ఆమె స్నేహితురాళ్లు ముగ్గురు, నేను కిరాయి ఆటోలో ఊరికి పోయాం. చుట్టుపక్కల గుట్టలెన్నో కంకరైపోయాయి కదా, ఆ గుండ్లున్నాయో లేవోనని దారంతా నాకు దడే. ఉన్నాయి. జొన్న చేలు మాత్రం లేవు. కాలువ నీళ్లొచ్చాక అంతా వరే, ఆ వడ్లన్నీ మిర్యాలగూడ మిల్లులకు పోతాయి. పాత బాట ఏ మడి కింద పడిందో ఎవరికీ తెలియదు. కోడలికి ఆనవాలు చెప్పి ముందు నిలబెట్టాను. నేను వెనకే బయలుదేరాను గానీ, నా మోకాళ్లు పిల్లకాలువ దాకా వచ్చి మొండికేశాయి. తూము మీద కూర్చుని, మీరు పొండి అన్నాను.

గట్ల మీద నలుగురూ చిన్నగా అయిపోతున్నారు. దూరంగా తుమ్మచెట్టు దగ్గర ఎడమకు మళ్లారు. కేక నోటి దాకా వచ్చింది, వేస్తే వినపడేంత దూరమే. మింగాను. అది రేగుముల్లు కంటే కష్టంగా దిగింది. పెద్దమ్మ నా వెనక ఎన్ని మింగిందో అప్పుడు లెక్కకొచ్చింది. కొంచెం పోయాక కోడలు ఆగింది. ఒకామె ఫోను ఆకాశానికి ఎత్తింది, ఇంకొకామె చేతులు తిప్పుతూ ఏదో వాదిస్తోంది. కోడలు వాళ్లిద్దరినీ పట్టించుకోకుండా గుట్ట వైపు తలెత్తి చాలాసేపు చూసింది, వెనక్కి తిరిగి కుడిగట్టు పట్టింది. గుట్ట మొదట్లో పొదల్లోకి వాళ్లు కనుమరుగయ్యేదాకా నేను తూము మీదే ఉన్నాను. కాలానికీ తొవ్వ తెలుసేమో, అందుకే ఎప్పుడూ మన వెనకే నడుస్తుంది, ఏమీ చెప్పదు.