మందు కొట్టని మూడు సాళ్లు

మా తాతగారి పేరు చెబితే బస్సు ఆగే రోడ్డు అది. ఆ రోజు అదే రోడ్డు మీద, చిలకలూరిపేట బస్సులో, సీటు దొరక్క నిలబడ్డాను. మాకు మిగిలిన నాలుగెకరాల పత్తిని పచ్చపురుగు తినేస్తోంది. ఐదోసారి మందు కొనడానికి వెళ్తున్నాను. తెలిసినాయన పలకరిస్తే, "పోయినవారం కొట్టిన మందుకి పురుగు సగం తగ్గిందండీ, మళ్లీ అదే తెస్తున్నా" అని గట్టిగా చెప్పాను.

కూలికి మందు కొట్టే అతనొకడు, స్ప్రేయరు ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. "కొట్టనిచోట తగ్గలేదాండీ?" అన్నాడు.

"కొట్టనిచోటు ఎందుకుంటుంది? మా ఇంట్లో సగం సగం పనులు చెయ్యరు."

"మరి మందుకే తగ్గిందని ఎట్టా తెలిసిందండీ? మొన్న పెద్దవాన కూడా పడిందిగా, దానికీ పురుగు రాలిపోద్ది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. "నాకు చెప్పేంతటివాడివా నువ్వు?" అన్నాను.

"చెప్పట్లేదండీ, అడుగుతున్నా" అని తన ఊళ్లో దిగిపోయాడు.

అతని మాట తప్పని తేల్చడానికే మూడు సాళ్లు వదిలేసి మిగతా చేనంతా కొట్టించాను. వారం తర్వాత నేనే వంగి, మొక్క మొక్కా తిప్పి పురుగులు లెక్కపెట్టాను. కొట్టిన సాళ్లలో ఎన్నున్నాయో, వదిలినవాటిలోనూ దాదాపు అన్నే ఉన్నాయి. నమ్మబుద్ధి కాక తర్వాతిసారి చేనుకి రెండోవైపు వదిలి చూశాను. అక్కడా అంతే.

ఏళ్ల తరబడి మందు కొట్టమన్న దుకాణాలవాళ్లలో ఒక్కడూ ఆ ప్రశ్న అడగలేదు. వాళ్లమీద కోపం నాకింకా చల్లారలేదు. అడిగిన ఒక్కడినీ నేను పదిమందిలో కసిరాను.