పూజలో పెట్టిన స్క్రూడ్రైవరు

మొన్న సిగ్నల్ దగ్గర ముందున్న కారు బానెట్ సందుల్లోంచి బుస్సుమని ఆవిరి లేచింది. కాలిన రబ్బరూ వేడి నీళ్లూ కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే గోవిందు మేస్త్రీ గుర్తొచ్చాడు. తొంభైల్లో పట్నంలో చూలై పేటలోని ఆయన కార్ల షెడ్డులోనే నేను పని నేర్చుకున్నాను. అప్పటికే నాకు పెళ్లయి ఒక బిడ్డ. అయినా బడిపిల్లాణ్ణి తిట్టినట్టే తిట్టేవాడు. నోరు చెడ్డది గానీ మనసు వెన్న అని చుట్టుపక్కల వాళ్లు అనేవాళ్లు. నోటి సంగతి నాకు రోజూ తెలిసేది. మనసు సంగతి ఒక ఆయుధపూజనాడు తెలిసింది.

ఆ పండుగంటే మేస్త్రీకి ఎక్కడలేని భయభక్తులు. స్పానర్లు, స్క్రూడ్రైవర్లు, చివరికి గరాటా కూడా కడిగి, చందనం కుంకుమ పెట్టి అమ్మవారి పటం ముందు పేర్చేవాడు. మర్నాడు పొద్దున మళ్లీ హారతిచ్చేదాకా ఒక్కటీ ముట్టకూడదు. ఒక ఏడాది పూజలో పెట్టిన కత్తెరతో పూలదండ దారం కత్తిరించబోతే నా చేతి మీద ఒక్కటిచ్చాడు. "పళ్లున్నాయి గదరా, కొరుకు!" అన్నాడు.

నేను చెబుతున్న ఆ ఆయుధపూజనాడు హారతయ్యి బొరుగులు పంచుతుండగా, ఇద్దరు మనుషులు ఒక అంబాసిడర్‌ను తోసుకుంటూ షెడ్డు ముందుకు తెచ్చారు. రేడియేటర్ పై గొట్టం నిలువునా చీలింది. వెనక సీట్లో ఒక ముసలమ్మ పడుకొని ఉంది. కొడుకే డ్రైవరు. ఇక చేయగలిగింది లేదని ఆసుపత్రి వాళ్లు పంపేశారట. వాళ్లది నెల్లూరు పక్క పల్లె. "ఇంట్లోనే కన్నుమూయాలంటా ఉందన్నా. వీధంతా అడిగినా. పూజ, రేపు రా అంటా ఉండారు," అన్నాడు. రేపటిదాకా తల్లి ఉంటుందో లేదోనన్న భయం అతని మొహంలోనే కనిపిస్తోంది.

మేస్త్రీ కారులోకి వంగి, "మంచినీళ్లు తాగతావామ్మా?" అని అడిగాడు.

"ఇంటికి పోయినాక తాగతాలే నాయనా," అందామె.

ఆయన లోపలికెళ్లి పటం ముందునుంచి స్క్రూడ్రైవరు తీశాడు. భార్య తులసక్క అడ్డం వచ్చింది. "ఏందయ్యా ఇది? పూజలో పెట్టినవి!"

"పాపమొస్తే నాకే రానీలే," అన్నాడు. పటం వైపు చూడకుండానే బయటికి నడిచాడు. నిజంగానే భయపడ్డాడు.

ఇంజన్ చల్లారాక క్లిప్పులు వదులు చేసి చీలిన గొట్టాన్ని ఊడదీసి, షెడ్డులో ఉన్న కొత్తది బిగించాడు. ఇక అయిపోయిందనుకుంటే, కట్టుకున్న కొత్త పంచెతోనే కారు కిందికి దూరాడు. "పైది చాలు గదా మేస్త్రీ, పండగపూట," అన్నాను.

"కిందదీ అంత పాతదేరా. దోవలో అది పగిలితే ఆమెను ఎవురు చూస్తారు?" అని అదీ మార్చాడు. నీళ్లు పోసి, ఇంజన్ కాసేపు నడిపించి, ఎక్కడా కారడం లేదని తడిమి చూశాకే పోనిచ్చాడు.

కారు మలుపు తిరిగాక స్క్రూడ్రైవరు కడిగి, మళ్లీ బొట్టుపెట్టి, పటం ముందు గట్టిగా లెంపలేసుకున్నాడు. అమ్మవారు అర్థం చేసుకుంటుందిలే అని సర్దిచెప్పుకునే మనిషి కాదు. తప్పనే నమ్మాడు, నమ్మి కూడా చేశాడు. అందుకే ఆయనంటే నాకు అంత గౌరవం. కొన్నాళ్లకు ఆ కొడుకు వచ్చి, అమ్మ ఇల్లు చేరి, నీళ్లు తాగి, తన మంచం మీదే పోయిందని చెప్పాడు. మేస్త్రీ మొహం పక్కకు తిప్పుకుని, ఏ కారణం లేకుండా నన్ను తిట్టాడు.

మరుసటేడు పూజకు నేనే ఒక ఉపాయం చెప్పాను. ఎవరైనా వస్తే అక్కరకొస్తాయి, రెండు సామాన్లు బయట ఉంచుదామన్నాను.

"అన్నీ పెట్టరా," అన్నాడు మేస్త్రీ. "అక్కర పడితే మళ్లీ లెంపలేసుకుందాం."

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నాకూ ఒక షెడ్డుంది. ఆయుధపూజకు అన్నీ పెడతాను, ఎవరైనా దిక్కుతోచక వస్తే తీస్తాను. లెంపలేసుకునేటప్పుడు మాత్రం ఇప్పటికీ లోపల బెదురు పుడుతుంది. ఆ బెదురు పోనివ్వొద్దనే అమ్మవారిని అడుగుతాను.