గొంతుకు అడ్డం పడ్డది

పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టేదాకా నాకు కోపమంటే ఏమిటో తెలియదు. మా ఊళ్లో నన్ను చూపించి, "గుంట బంగారం, నోట్లో నాలిక నేదు" అనేవారు. నేనూ మురిసిపోయేదాన్ని. ఏం మెప్పండీ అది! నోట్లో నాలుక లేదని పొగిడేది ఎవరు? మనకి పని చెప్పేవాళ్లే.

మాది అరకు దగ్గర కొండ మీది ఊరు. చిన్నప్పుడు హాస్టల్లో ఏడిస్తే కసిరేవారు. ఎదురు చెబితే, "ఆడగుంటకి అంత కోపమేటి?" అనేవారు. చివరికి నాకు రెండే మాటలు మిగిలాయి: "బాగానే ఉన్నాను", "నీ ఇష్టం". పెళ్లయ్యాక ఆ రెండింటితోనే సంసారం చేశాను.

ఇంటి పైన గెడ్డ, అదే కొండవాగు, దాటితే మా కాఫీ తోట. కొత్త కోడలిగా వచ్చిన ఏడాది మా మావ ఆ వాలు చూపించి, నాటుకోమన్నాడు. ప్రతి మొక్కా నా చేత్తో నాటాను. నీడకి సిల్వర్ ఓక్ పెంచాను, వాటికి మిరియాల తీగలు పాకించాను. మా మావ పోయాక కూడా ఆ తోట పని అంతా నాదే.

ఒక చలికాలం, చేలల్లో వలిసె పూలు పచ్చగా పూసి, చూడ్డానికొచ్చేవాళ్ల కార్లతో రోడ్డంతా నిండిపోయిన రోజుల్లో, నా మొగుడు చోడి అంబలి, అదే రాగి జావ, తాగుతూ తాపీగా అన్నాడు: "పైతోట కొట్టించేసి టెంట్లు ఏయిద్దుమనుకుంటన్నాను. మంచు సూడ్డానికి జనం ఎగబడతన్నారు."

"నీ ఇష్టం," అన్నాను.

అన్నానో లేదో, గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. అంబలి దిగలేదు. మర్నాడు అన్నమూ దిగలేదు. ఆసుపత్రిలో నర్సమ్మ గ్యాసని మాత్రలిచ్చింది. త్రేన్పులైతే బ్రహ్మాండంగా వచ్చాయి గానీ, అడ్డం పడ్డది కదల్లేదు. మనిషిని సగమైపోతుంటే మా అత్త భయపడి దిసారిని పిలిపించింది.

దిసారి అంటే మా ఊరి పూజారి. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే, ఏ దేవతకి కోపం వచ్చిందో చూసి చెబుతాడు. మా కొండల్లో కోపం తెచ్చుకునే హక్కు దేవతలకి ఉంది, చచ్చిపోయిన పెద్దలకి ఉంది. బతికున్న కోడలికే లేదు.

పొద్దున్నే వచ్చాడు. చాటలో బియ్యం పోసి, పక్కన దీపం పెట్టి నన్ను ఎదురుగా కూర్చోబెట్టాడు. "నాను ఒక్కో పేరే పిలుత్తాను. ఏ పేరుకి నీ వొంట్లో కదుల్తాదో సూసుకో. అబద్ధమాడకు," అన్నాడు. నీ ఒంట్లో ఏం కదులుతోందని అంతవరకు నన్ను ఎవరూ అడగలేదు. నాకే తోచలేదు. కళ్లు మూసుకున్నాను.

బియ్యం రుద్దుతూ, కొండనీ చెట్లనీ కాచే జాకర దేవతను పిలిచాడు. ఏమీ లేదు. నిసాని దేవతను పిలిచాడు. ఏమీ లేదు. తర్వాత చనిపోయిన మా అమ్మను పిలిచాడు. గుండె బరువెక్కింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. గొంతులోది మాత్రం అలాగే ఉంది. ఓహో, ఇది దుఃఖం, దీని చోటు వేరు, అది వేరే ఏదో అనుకున్నాను. నాలో ఇన్ని గదులున్నాయని అప్పుడే తెలిసింది.

అంతలో గుమ్మంలోంచి నా మొగుడు, చేతిలో ఫోనుతో, "బేగి కానీండి, టెంట్లోళ్లు తోట సూడ్డానికి వచ్చేత్తన్నారు," అన్నాడు.

అదిగో, వచ్చింది! చెవులు వేడెక్కాయి. పళ్లు బిగుసుకున్నాయి. గొంతులోది కదిలింది. అరికాలి మంట నెత్తికెక్కిందంటే మాటవరసకి అంటారనుకునేదాన్ని. నిజంగానే కాళ్లలోంచి ఎక్కింది.

దిసారి కనిపెట్టాడు. "వచ్చినాది. ఎవులమ్మా నువ్వు? ఏటి కావాల నీకు?" అని అడిగాడు. వచ్చిన దేవతని అలాగే అడుగుతారు. కోడో, కొబ్బరికాయో, కొత్త చీరో చెబుతుంది.

"తోట కావాల," అన్నాను. "ఒక్క సెట్టు కూడా కొట్టకూడదు."

నా మొగుడు గబుక్కున చెప్పులు విడిచేశాడు. ముఖం పాలిపోయింది. "జాకరమ్మ తల్లీ, తప్పయిపోనాది," అని చేతులు జోడించాడు. అన్నేళ్లలో నా మాటకి అతను చేతులు జోడించడం అదే మొదటిసారి.

అత్త నా చెవి దగ్గరికి వంగింది. "ఊఁ అనే గుంటా. అమ్మోరే అడిగిందను. ఆడింక గొడ్డలి ముట్టడు."

వచ్చింది అమ్మవారు కాదని ఆవిడకి తెలుసు! ఏటా పండక్కి ఆవిడకి అమ్మవారు పూనేది. ఊగుతూ ఒకటే అడిగేది, కొడుకు తాగుడు మానాలని. మా ఆయన కాళ్ల మీద పడి మానేస్తానని ఒట్టేసేవాడు. అమ్మవారు దిగిపోయాక ఆ ఒట్టూ దిగిపోయేది. పాపం, ఆవిడ కోపమంతా దేవత పేరు మీదే ఖర్చయిపోయింది.

నేను నోరు మూసుకుంటే చాలు, తోట దక్కుతుంది. నోరు మూసుకోవడం నాకు బాగా వచ్చిన పనే. అయినా మనసొప్పలేదు. ఆ మొక్కలు నాటింది అమ్మవారా?

"అమ్మోరు కాదు," అన్నాను. "నానే. నాకు కోపం వచ్చింది."

"కోపమా? దానికి నా కాడ పూజ నేదు," అని దిసారి విసుక్కుంటూ బియ్యం మూట కట్టుకున్నాడు. అత్త నెత్తి కొట్టుకుంది. నా మొగుడు మళ్లీ చెప్పుల్లో కాళ్లు దూర్చాడు.

"అయితే నీ మాట నాను ఇనాలేటి?"

"అమ్మోరైతే ఇనీవోడివి గదా. నానైతే ఎందుకినవు?"

 నేను బుట్ట తీసుకుని గెడ్డ దాటి తోటకి వెళ్లి కాఫీ పళ్లు కోస్తూ నిలబడ్డాను. నా మొగుడి వెంట టెంట్లవాళ్లు వచ్చారు. "ఈ తోట నాను పెంచాను. కొట్టనివ్వను," అన్నాను. కోత ఆపలేదు. వాళ్లు నా మొగుడి వంక చూశారు. అతను నేల చూపులు చూశాడు. కాసేపు గునిసి వెళ్లిపోయారు.

సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుంటే, అతనే అంబలి గిన్నె తెచ్చి నా ముందు పెట్టాడు. తాగాను. గడగడా దిగిపోయింది.

"కోపం పోయినాదేటి?" అన్నాడు, నా ముఖం చూడకుండానే.

"నేదు. ఉంది," అన్నాను గిన్నె చాపుతూ. "ఇంకొంచెం పోయ్."