సంప్రోక్షణ రోజున నేను తవ్వి తీసిన శవం

ఒకే రోజున గుడిని రెండుసార్లు శుద్ధి చేయించిన ఘనత కెనడాలోని మా ఒషావా ఊరు మొత్తంలో నాదొక్కదానిదే. గొప్పగా చెప్పుకునే విషయం కాదు. కానీ తెలిసినవాళ్ళంతా ఎలాగూ చెప్పుకుంటున్నారు కనుక, నా నోటితో వింటే మీకు కాస్త తక్కువ మసాలాతో దొరుకుతుంది.

ముందు నా నిద్ర సంగతి చెప్పాలి. అమ్మాయి పుట్టిన రోజునే అది నన్ను వదిలి దేశాంతరం వెళ్ళిపోయింది. అమ్మాయికిప్పుడు నాలుగేళ్ళు. హాయిగా పడుకున్న పిల్లను చూసి, ఇంత హాయిగా పడుకుందేమిటి, జ్వరం గానీ వస్తోందా అని నుదురు పట్టుకుని కూర్చునే రకం నేను. మా ఆయన కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టు ఇంజనీరు. ఇంట్లో ఉన్నంతసేపూ ఆయన నిద్రలోనే ఉంటారు, మా ఇద్దరి వాటా కలిపి.

నాకు మిగిలిన ఆధారం ఒక్కటే, శనివారం గుడి పక్క గదిలో జరిగే పిల్లల ఆటల క్లాసు. అమ్మాయిని లోపలికి పంపి, పార్కింగ్‌లో కారు సీటు వెనక్కి వాల్చి రెండు గంటలు పడుకునేదాన్ని. విష్ణుమూర్తికి శేషతల్పం ఎలాగో నాకా సీటు అలాగ.

అలాంటి రోజుల్లో గర్భగుడి పైకప్పు కారింది. మా గుడి ఒకప్పుడు ఫర్నిచర్ గోడౌను, మంచు కరిగితే కారడం దానికి పాత అలవాటే. రిపేరు జరిగినన్నాళ్ళూ స్వామి అక్కడ ఉండకూడదట. అందుకని అర్చకులు ఆచార్యులు గారు మంత్రాలతో స్వామి శక్తిని కలశంలోకి, అక్కడి నుంచి చిన్న కొయ్య విగ్రహంలోకి చేర్చి, దానికి వేరే చోట పూజలు మొదలుపెట్టారు. దాన్ని బాలాలయం అంటారు. ఆ వేరే చోటు మరెక్కడో కాదు, పిల్లల గది. క్లాసు ఆగింది. దేవుడితో గది కోసం తగాదా పడే ధైర్యం నాకు లేదు.

గుడి ప్రెసిడెంటు డాక్టర్ గారిని అడిగాను. ఆయన రిటైరైన గుండె డాక్టరు. ఎవరేం చెప్పుకున్నా నాడి చూస్తున్నట్టు వింటారు.

"స్వామి లోపలికి వెళ్ళిపోయాక గది పిల్లలకి ఇచ్చేస్తారు కదా అంకుల్?"

"చూద్దామమ్మా. మెడిటేషన్ రూమ్ చేద్దామని కమిటీలో ఒక ఆలోచన ఉంది. పిల్లలు గోడలు పాడుచేస్తున్నారట."

గోడ మీద ఏనుగును గీసింది మా అమ్మాయే. కనుక గట్టిగా వాదించలేకపోయాను.

"నువ్వు హిస్టరీ ఎమ్మే కదా," అన్నారాయన. "సంప్రోక్షణకి పక్క చర్చి పాస్టర్ గారూ వాళ్ళూ వస్తున్నారు. దేవుణ్ణి మళ్ళీ లోపల పెట్టడమేమిటో వాళ్ళకి అర్థమయ్యేలా పది నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడు. బాగా మాట్లాడితే గది సంగతి అక్కడే అనౌన్స్ చేస్తా."

అంటే నా నిద్ర నా ఉపన్యాసం చేతిలో పడింది. వాళ్ళకు అర్థమయ్యేలా అన్నారు కనుక వాళ్ళ రాజుగారి కథనే పట్టుకున్నాను. ఈ దేశంలో నాణెం తిప్పితే రాజుగారి ముఖమే కదా.

సంప్రోక్షణ రోజున స్వామి శక్తిని మళ్ళీ నింపుకున్న కలశం గర్భగుడి గుమ్మం దాకా వచ్చింది. చివరి ఘట్టానికి ముందు నా ఉపన్యాసం, తర్వాత ప్రతిష్ఠ, ఆ తర్వాత పులిహోర. మైకు పట్టుకున్నాను.

వెనకటికి ఇంగ్లండులో ప్రజలు తమ రాజును దించేశారని, కొడుకు పరాయి దేశాల పాలయ్యాడని చెప్పాను. రాజు లేని ఆ కాలంలో కఠినమైన పాలకులొచ్చి నాటకశాలలు మూయించి, పండుగల సందడి మాన్పించారు. విసిగిన జనం కొడుకును పిలిపించి సింహాసనం మీద కూర్చోబెట్టారు. అతను తండ్రి పోయిన రోజు నుంచే రాజు అని లెక్క కట్టారు. మధ్యలో గడిచిన ఏళ్ళన్నీ అతని పాలన కిందే రాసేశారు.

"మా స్వామి కూడా అంతే," అన్నాను. "పక్క గదిలో ఉన్నా ఆయన పీఠం ఒక్క క్షణం ఖాళీగా లేదు. మళ్ళీ కూర్చోబెట్టడమంటే కొత్తగా మొదలుపెట్టడం కాదు, ఆయన ఎక్కడికీ పోలేదని మనం ఒప్పుకోవడం. తమ చోటు వదిలి వెళ్ళినవాళ్ళు అందరూ, చిన్నపిల్లలతో సహా, ఇలాగే తిరిగి రావాలి."

చప్పట్లు మోగాయి. డాక్టర్ గారు తలాడించారు. అక్కడ మైకు పెట్టేసి ఉంటే నేనివాళ ఇది రాస్తూ ఉండేదాన్ని కాదు, సుఖంగా పడుకుని ఉండేదాన్ని. కానీ నిద్ర లేని మనిషికి చప్పట్లు వినిపించకూడదు, వినిపిస్తే కల్లు తాగినట్టే.

"ఇంకో ఆసక్తికరమైన విషయముంది," అన్నాను. "మధ్యలో పాలించినవాళ్ళ నాయకుడు, కొడుకు తిరిగొచ్చేసరికే చనిపోయాడు. అయినా వదల్లేదు. సమాధి తవ్వి, శవాన్ని బయటికి తీసి ఉరివేశారు. తల నరికి ఇంత ఎత్తు కర్రకి గుచ్చారు."

ఎత్తు చూపించడానికి నా చెయ్యి వెళ్ళింది ఎటనుకున్నారు? కొత్తగా తొడుగు వేయించిన ధ్వజస్తంభం వైపు.

హాలు మధ్యలోంచి మా అమ్మాయి గొంతు, "అమ్మా, ఆ డెడ్ అంకుల్ కూడా లంచ్‌కి వస్తున్నారా?"

ఆచార్యులు గారు నెమ్మదిగా లేచారు. "కలశంలో స్వామి ఉన్నారు. ఎదురుగా శవమనీ, ఉరి అనీ... మళ్ళీ పుణ్యాహవాచనం చెయ్యాలి. గుడంతా నీళ్ళు చల్లాలి."

"ముహూర్తం సరిపోతుందా స్వామీ?" డాక్టర్ గారు అడిగారు.

"ముహూర్తానికి ఇబ్బంది లేదండీ. పులిహోరకే."

పులిహోర చల్లారింది. పాయసం గట్టిపడి గరిటెను పట్టుకుంది. ఆకలికి పిల్లలు ఏడుపు అందుకున్నారు, ఆ ఏడుపులో మంత్రాలు వినబడటం లేదు. డాక్టర్ గారు నా వైపు చూసిన చూపుకు నా గుండెకే వైద్యం కావాలి. పిల్లలందరినీ తోలుకుని ఖాళీ అయిన పక్క గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

"డెడ్ అంకుల్ స్టోరీ మళ్ళీ చెప్పండి ఆంటీ," అన్నారు వాళ్ళు. గుసగుసగా చెప్పాను. ఇంకోసారి అన్నారు. శుద్ధి ముగిసి, స్వామి తన పీఠం మీదికి చేరేదాకా చెబుతూనే ఉన్నాను.

భోజనాల దగ్గర పాస్టర్ గారు వచ్చి చెయ్యి కలిపారు. "నా ప్రసంగాల్లో మా వాళ్ళు నిద్రపోతారు. మీ ప్రసంగంలో ఒక్కరూ కన్ను మూయలేదు."

నిద్ర మాట వినగానే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన వినయమనుకున్నారు.

అప్పుడు డాక్టర్ గారు మైకు తీసుకున్నారు. "పిల్లలు ఇంతసేపు కిక్కురుమనకుండా కూర్చోవడం ఈ గుడిలో నేనెప్పుడూ చూడలేదు. మెడిటేషన్ అంటే ఇంతకన్నా ఏముంది. ఆ గది పిల్లలదే."

నేను పులిహోర విస్తరి పక్కన పెట్టి చప్పట్లు కొట్టాను.

"ప్రతి శనివారం క్లాసు ఈ అమ్మాయే తీసుకుంటుంది," అని నన్ను చూపించి తాళంచెవి నా చేతిలో పెట్టారు.

స్వామి తన చోటికి వచ్చారు, పిల్లలు తమ గదికి వచ్చారు. నా కారు సీటు మాత్రం నిటారుగా ఉండిపోయింది. పార్కింగ్‌లో ఇప్పుడు మిగతా తల్లులు సీట్లు వాల్చుకుని పడుకుంటున్నారు. కిటికీలోంచి కనబడుతుంటారు.

అందుచేత ఆ ధ్వజస్తంభం సాక్షిగా, దాని వైపు చెయ్యి చాపకుండానే, ప్రమాణం చేస్తున్నాను. ఆకలితో ఉన్న జనానికి చరిత్ర చెప్పను. చప్పట్లు వినబడితే మైకు పెట్టేస్తాను. చచ్చినవాళ్ళ జోలికి పోను. బదులుగా ఈ దేశపు రాజుగారు నాకొక్క ఉపకారం చేస్తే చాలు. నా నిద్ర ఏనాడూ నన్ను విడిచి పోలేదనీ, ఈ నాలుగేళ్ళూ నేను పడుకునే ఉన్నాననీ ఒక లెక్క కట్టించాలి.